విరిగిన డ్రిల్ బిట్‌తో చిన్న లేత్ టూల్ చేసుకోవడం ఎలా

శనివారం సాయంత్రం ఆరింటికి షట్టర్ దించబోతుంటే ఎవరో ఒకరు 20 ఎంఎం షాఫ్ట్ పట్టుకుని వస్తారు. "అన్నా, సర్‌క్లిప్ కూర్చునేలా చిన్న గాడి వేసివ్వన్నా, సోమవారం పొద్దున్నే మిషన్ తిరగాల" అంటారు. సర్‌క్లిప్ అంటే షాఫ్ట్ మీది భాగం జారిపోకుండా గాడిలో కూర్చునే స్ప్రింగ్ రింగు; 20 ఎంఎం షాఫ్ట్‌కి దాని గాడి వెడల్పు 1.3 ఎంఎం, గాడి అడుగున వ్యాసం 19 ఎంఎం. మన దగ్గరున్న పార్టింగ్ బ్లేడేమో (జాబ్‌ను తెంచే పలుచటి టూల్) 3 ఎంఎం. బెంగళూరులో మా షెడ్లుండే పీణ్య నుంచి టూల్ కొట్లుండే ఎస్పీ రోడ్డుకి చేరేసరికి అవి మూసేస్తారు. మరునాడు ఆదివారం. చిన్న లేత్ పెట్టుకుని బతికేవాళ్లందరికీ ఈ టెన్షన్ తెలిసిందే.

ఇలాంటప్పుడు నేను చేయి పెట్టేది గ్రైండర్ కింద ఉన్న పాత పెయింట్ డబ్బాలో. దాన్నిండా విరిగిన డ్రిల్ బిట్లే. గాడి వేసే టూల్, 8 ఎంఎం రంధ్రంలోకి దూరి లోపల కోసే బోరింగ్ టూల్, అంచును ఏటవాలు చేసే చాంఫర్ టూల్, 60 డిగ్రీల త్రెడ్ టూల్, అన్నీ అందులోంచి పుట్టినవే. పెద్ద కట్‌లకి, రోజూ వందల జాబ్‌లు తీసే పనికి ఇవి చాలవు. అలాంటి పనికి ఇన్సర్ట్ టూల్ (మొన అరిగితే మొన ఒక్కటే మార్చుకునేది) కొనుక్కోవడమే మంచిది. చిన్న చోటు, చిన్న కట్, ఒకటి రెండు జాబ్‌లు అయితే మాత్రం ఇంతకంటే చవకైన దారి నాకు కనబడలేదు.

ముందుగా బిట్లు ఏరుకోవాలి

డబ్బా ఒలకబోసి వేరు చేయండి. గోడకు వేసే బిట్లు పక్కన పెట్టేయండి. వాటి మొన దగ్గర మాత్రమే చిన్న కార్బైడ్ పలక అతికించి ఉంటుంది, మిగతా ఒళ్లంతా మామూలు ఉక్కు. చెక్కకు వేసే బిట్లూ వద్దు, చాలావరకు కార్బన్ స్టీలే. గ్రైండర్ మీద కాస్త నీలం తిరిగితే చాలు, వాటి పదును పోతుంది. మనకు కావలసింది ఇనుముకు వేసే హెచ్‌ఎస్‌ఎస్ బిట్లు, అంటే హై స్పీడ్ స్టీల్. 4 నుంచి 10 ఎంఎం వరకు ఏ సైజైనా పనికొస్తుంది. నేను ఎక్కువగా వాడేది 6 ఎంఎం.

కొనాల్సిన పని కూడా లేదు. పీణ్యలో డ్రిల్లింగ్ చేసే ఏ షెడ్డులో అడిగినా గుప్పెడు ఇస్తారు. లేదంటే గుజరి అంగడిలో (పాత ఇనుము కొట్టులో) తూకానికి తెచ్చుకోవచ్చు.

రంగు చూసి మోసపోకండి. నలుపు, బంగారు రంగు అన్నీ పైపైన ఉండే పొరలే. బంగారు రంగుది టైటానియం నైట్రైడ్ పూత, సాన పట్టగానే పోతుంది. షాంక్ (మిషన్‌లో పట్టుకునే నున్నటి చివర) మీద హెచ్‌ఎస్‌ఎస్ అని ముద్ర ఉన్నా నేను పూర్తిగా నమ్మను. నమ్మేది నిప్పురవ్వల్ని. గ్రైండర్‌కి ఒక క్షణం ఆనించి చూడండి. హెచ్‌ఎస్‌ఎస్ అయితే రవ్వలు ముదురు నారింజ, ఎరుపు రంగులో పొట్టిగా, పలుచగా వస్తాయి, చివర్లో చిట్లవు. కార్బన్ స్టీల్ అయితే కాకరపువ్వొత్తి కాల్చినట్టు తెల్లగా, పసుపుగా పూలు పూస్తుంది. ఒకటి రెండు సార్లు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇక జన్మలో మరిచిపోరు.

హెచ్‌ఎస్‌ఎస్‌లో బాగా దొరికే ఎం2 రకంలో సుమారు 6 శాతం టంగ్‌స్టన్, 5 శాతం మాలిబ్డినం, 4 శాతం క్రోమియం, 2 శాతం వనేడియం ఉంటాయి. కాగినా పదును నిలిచేది వీటి వల్లే. 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో టేలర్, వైట్ అనే ఇద్దరు అమెరికన్ల పద్ధతిలో చేసిన టూల్స్ మొన ఎర్రగా కాలుతుండగానే ఉక్కును కోసి చూపించాయి. అంతకుముందు లేత్ తిప్పే స్పీడు, ఆ తర్వాత తిప్పే స్పీడు వేరు. విరిగిన 6 ఎంఎం ముక్కలో ఉన్నది కూడా ఆ సరుకే.

ఆకురాయితో పరీక్ష

ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి: డ్రిల్ బిట్ మొదలు నుంచి చివరిదాకా ఒకేలా గట్టిగా ఉండదు.

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నాను. మొదట్లో 10 ఎంఎం బిట్ ఒకటి విరిగితే, ఫ్లూట్ (మెలి తిరిగిన గాడి) ఉన్న వైపు పారేసి, గుండ్రంగా నున్నగా ఉన్న షాంక్‌తో బోరింగ్ టూల్ చేశాను. గంట కూర్చుని సాన పట్టాను. చూడ్డానికి ముచ్చటగా వచ్చింది. మొదటి కట్‌లో రెండు మిల్లీమీటర్లు కూడా పోకముందే మొన మైనంలా వంగిపోయింది. గ్రైండర్ మీద కాల్చి పాడుచేశానేమో అనుకుని మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అంతే. తప్పు గ్రైండింగ్‌లో లేదు. ఆ షాంక్ మొదట్నుంచీ మెత్తనే. చక్ పట్టు దొరకాలని, పట్టుకున్న చోట పెళుసుగా విరగకూడదని షాంక్‌ని మెత్తగా వదిలేసే బిట్లు చాలా ఉంటాయి. టేపర్ షాంక్ ఉన్న పెద్ద బిట్లలో షాంక్ వేరే ఉక్కుతో చేసి అతికించి ఉంటుంది కూడా.

అందుకే పాత నున్నటి ఆకురాయి ఒకటి తీసుకుని, షాంక్ చివర నుంచి ఫ్లూట్ వైపు ప్రతి అర సెంటీమీటరుకీ ఒకసారి దాని అంచుతో గట్టిగా నెట్టండి. ఆకురాయి కొరికి రజను రాలితే అక్కడ మెత్తన. గాజు మీద జారినట్టు కీచుమని జారిపోతే అక్కడ గట్టి. ఎక్కడ మారుతుందో అక్కడ మార్కర్‌తో గీత పెట్టండి. టూల్ మొన ఎప్పుడూ ఆ గీతకు గట్టి వైపునే ఉండాలి.

షాంక్ కూడా గట్టిగా ఉంటే మీ అదృష్టం. నిండు గుండ్రటి ముక్క దొరికినట్టే, దాన్నే టూల్ చేయండి. చిన్న సైజుల్లో ఇలాంటివి తరచుగా తగులుతాయి. షాంక్ మెత్తగా ఉంటే తలకిందులుగా ఆలోచించండి: షాంక్ పట్టుకోవడానికి, ఫ్లూట్ మొదలయ్యే చోటు కోయడానికి. బిట్‌లో నడిమి మందం మొన దగ్గర తక్కువ, షాంక్ వైపు వచ్చేకొద్దీ ఎక్కువ. కాబట్టి ఫ్లూట్ ముగిసే చోటికి దగ్గర్లో, గీతకు గట్టి వైపున తుంచితే బలమైన ముక్క వస్తుంది. మొన వైపు సన్నటి ముక్కతో చాంఫర్ టూల్ తప్ప ఇంకేమీ చేయకండి.

తుంచడం

హాక్సా దీని మీద పనిచేయదు, బ్లేడు పళ్లు పోతాయి. యాంగిల్ గ్రైండర్‌కి 1 ఎంఎం కటింగ్ డిస్క్ వేసి చుట్టూ సన్నని గాటు పెట్టండి. తర్వాత గాటు వైస్ దవడ అంచుకు వచ్చేలా బిగించి, పైన మందపాటి గుడ్డ కప్పి, చిన్న సుత్తితో ఒక్క దెబ్బ. గుడ్డ లేకుండా కొడితే ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. కళ్లజోడు ఈ క్షణం నుంచి పని అయ్యేదాకా ముఖం మీదే ఉండాలి.

ఇంకో మాట. బిట్ జాబ్‌లో ఇరుక్కుని విరిగినప్పుడు విరిగిన చోటు నుంచి లోపలికి కంటికి కనబడని పగులు పోయి ఉండొచ్చు. ఆ చివర నుంచి మూడు నాలుగు మిల్లీమీటర్లు తీసేయండి.

పట్టుకునే బ్లాక్

టూల్ సంగతి తర్వాత, ముందు దాన్ని పట్టుకునేది చేసుకుందాం. ఒక్కసారి చేస్తే ఏళ్లు వస్తుంది.

20 ఎంఎం చదరం ఎంఎస్ (మామూలు మెత్తటి ఉక్కు) బార్ 50 ఎంఎం పొడవు తీసుకోండి. టూల్ పోస్ట్ (లేత్‌లో టూల్ బిగించే దిమ్మ) చిన్నదైతే 16 ఎంఎం చాలు. పొడవు 50 దాటనివ్వకండి, ఎందుకంటే మామూలు 6 ఎంఎం బిట్‌కి ఫ్లూట్ పొడవు 57 ఎంఎమే. అంతకంటే లోతుకు పోతే రజను బయటికి రాక ఇరుక్కుంటుంది. అప్పుడు డబ్బాలోకి ఇంకో విరిగిన బిట్ చేరుతుంది.

ఇక్కడే ఒక కిటుకు. ఈ రంధ్రం డ్రిల్లింగ్ మిషన్ మీద వేయకండి. బార్‌ను లేత్ టూల్ పోస్ట్‌లో, బెడ్‌కి సమాంతరంగా బిగించండి. కింద ప్యాకింగ్ పట్టీలు పెట్టి, రంధ్రం బార్ ఎత్తులో ఇంచుమించు మధ్యకు వచ్చేలా చూసుకోండి. బిట్‌ను చక్‌లో పట్టండి. మిషన్ తిప్పి, టూల్ పోస్ట్ ఉన్న క్యారేజ్‌ను నెమ్మదిగా చక్ వైపు నెట్టండి. ముందు సెంటర్ డ్రిల్, తర్వాత 5.5 బిట్, చివర 6 బిట్. ఇలా వేసిన రంధ్రం సరిగ్గా మీ లేత్ సెంటర్ (జాబ్ తిరిగే నడిమి గీత) ఎత్తులోనే ఉంటుంది, కొలవాల్సిన పనే లేదు. దానిలో పెట్టిన గుండ్రటి ముక్కని సగానికి అరగదీస్తే, ఆ సగం మీదున్న అంచు తనంతట తానే సెంటర్‌కి వస్తుంది. టూల్ పోస్ట్‌ను 90 డిగ్రీలు తిప్పితే అదే బ్లాక్ బయటి గాడి టూల్‌కి కూడా పనికొస్తుంది, ఎత్తు మారదు.

కొత్తవాళ్లకు ఇంకో అనుమానం వస్తుంది: 6 ఎంఎం బిట్‌తో వేసిన రంధ్రంలో 6 ఎంఎం బిట్ ముక్క దూరుతుందా అని. దూరుతుంది. బిట్ చెప్పిన సైజు కంటే పిసరంత తక్కువగానే ఉంటుంది, 6 ఎంఎంకి 18 మైక్రాన్ల వరకు. రంధ్రమేమో బిట్ కంటే పిసరంత ఎక్కువగా వస్తుంది. తేడా ఎక్కువై ముక్క ఊగితే మాత్రం రంధ్రం వంకర పోయిందని అర్థం.

పై నుంచి 4.2 బిట్‌తో రెండు రంధ్రాలు వేసి ఎం5 ట్యాప్ చేయండి (లోపల మరలు కోయండి), గ్రబ్ స్క్రూలు (తల లేని స్క్రూలు) పెట్టండి. ఆ ప్యాకింగ్ పట్టీలు మాత్రం ఎక్కడా పోనివ్వకండి. నేను వాటిని బ్లాక్‌కే తీగతో కట్టి ఉంచుతాను, లేకపోతే మా కుర్రాడు ఇంకో టూల్ కింద వేసేస్తాడు.

గ్రైండర్ దగ్గర

6 అంగుళాల బెంచ్ గ్రైండర్ చాలు. తెల్లటి అల్యూమినియం ఆక్సైడ్ వీల్ హెచ్‌ఎస్‌ఎస్‌కి బాగా సరిపోతుంది, బూడిద రంగుదైనా పని జరుగుతుంది. 60 గ్రిట్‌తో ఆకారం తీసి, 100 దరిదాపుల్లో ఉన్న వీల్‌తో ముగించండి. వీల్ ముఖం నున్నగా మెరుస్తుంటే డ్రెస్సర్ (వీల్ పైపొర గీకే పనిముట్టు) పట్టండి. మెరిసే వీల్ కోయదు, రుద్ది కాలుస్తుంది.

ముక్కని ఆనించే రెస్ట్‌కీ వీల్‌కీ మధ్య సందు 3 ఎంఎం మించకూడదు. మన ముక్కలు చిన్నవి కాబట్టి సందు ఎక్కువైతే ముక్కతో పాటు వేలు కూడా లోపలికి పోతుంది. గ్లౌజులు వద్దు, వదులు చేతుల చొక్కా వద్దు. కొత్త వీల్ అయితే బిగించే ముందు చెక్క పిడితో తట్టి చూడండి. కంగుమని మోగాలి, మొద్దు శబ్దం వస్తే పగిలిందని అర్థం. స్విచ్ వేశాక మొదటి నిమిషం పక్కకు నిలబడండి.

30, 40 ఎంఎం ముక్కని చేత్తో పట్టుకోవడం కష్టం, ప్లయర్స్‌తో పట్టుకుంటే జారుతుంది. 12 ఎంఎం రాడ్ ఒకటి జానెడు తీసుకుని చివర 6 ఎంఎం రంధ్రం వేసి, పక్కన గ్రబ్ స్క్రూ పెట్టండి. అదే పిడి. దీనితో కోణం చేతికి తెలుస్తుంది.

వేడి గురించి చాలామందికి అనవసర భయం ఉంది. హెచ్‌ఎస్‌ఎస్ మొన నీలం తిరిగినా పదును పోదు. నీలం రంగు సుమారు 300 డిగ్రీల దగ్గర వస్తుంది, దీన్ని టెంపర్ చేసింది 550 డిగ్రీల దగ్గర. చీకట్లో ఎర్రగా కనబడేంత కాలితేనే నష్టం. అసలు ప్రమాదం ఇంకోటి: బాగా కాగిన ముక్కని ఒక్కసారిగా నీళ్లలో ముంచడం. అంచులో జుట్టుకంటే సన్నని పగుళ్లు వస్తాయి, కట్‌లో ఆ అంచు పొడిపొడిగా రాలిపోతుంది. అందుకే నేను కాలే దాకా ఉంచను. రెండు మూడు సెకన్లు ఆనించడం, తీయడం. నీళ్లు గోరువెచ్చటి ముక్కకే.

గాడి టూల్ ముందు చేద్దాం, సులువు కాబట్టి

గట్టి వైపు చివర 5 ఎంఎం పొడవున, పై సగాన్ని అరగదీయండి. 6 ఎంఎం ముక్కలో కింద 3 ఎంఎం మిగలాలి. వర్నియర్‌తో చూస్తూ 3.05 దగ్గర ఆగండి, మిగతాది ఆయిల్ స్టోన్ చూసుకుంటుంది. 3 కంటే తగ్గితే అంచు సెంటర్ కిందికి పోతుంది. అలా అయిందంటే చివర మూడు నాలుగు మిల్లీమీటర్లు తుంచి మళ్లీ మొదలుపెట్టడమే.

ఇప్పుడు రెండు పక్కల నుంచి అరగదీసి మధ్యలో చిన్న నాలుకలా మిగల్చండి. గాడి లోతు ఎంత? 20 నుంచి 19కి, అంటే ఒక్కో వైపు అర మిల్లీమీటరు. కాబట్టి నాలుక పొడవు ఒకటిన్నర ఎంఎం చాలా ఎక్కువే. అందరూ ఇక్కడే తప్పు చేస్తారు, పార్టింగ్ టూల్‌లా నాలుగైదు ఎంఎం పొడవు తీస్తారు. అంత పొడవు దేనికి? పొట్టిగా ఉంటే విరగదు, వణకదు.

నాలుక వెడల్పు మొన దగ్గర 1.3 నుంచి 1.35. గాడికి 0.14 వరకు ఎక్కువ చెల్లుతుంది, తక్కువ మాత్రం చెల్లదు. 20 షాఫ్ట్ సర్‌క్లిప్ మందం 1.2 కదా. పక్కలు వెనక్కి పోయేకొద్దీ, కిందికి పోయేకొద్దీ ఒకటి రెండు డిగ్రీలు సన్నబడాలి. అలా లేకపోతే గాడి గోడలకు రాసుకుని ఇరుక్కుంటుంది. ముందు ముఖానికి కింద 8 నుంచి 10 డిగ్రీల క్లియరెన్స్, అంటే అంచు కింద జాబ్‌కి రాసుకోకుండా ఇచ్చే వాలు. కోణమాపకం లేకపోతే దిగులు వద్దు: 10 డిగ్రీలంటే ఆరు మిల్లీమీటర్ల ఎత్తుకు ఒక మిల్లీమీటరు వాలు. మన టూల్ ఎత్తు 3 ఎంఎం, కాబట్టి పై అంచు కంటే కింది అంచు అర మిల్లీమీటరు లోపలికి పోతే 10 డిగ్రీలకు దగ్గరగా ఉన్నట్టే.

బోరింగ్ టూల్

జాబ్‌లో 7 ఎంఎం బిట్ వేసి 8కి బోర్ చేయాలి, లోతు 12 ఎంఎం అనుకుందాం. 6 ఎంఎం ముక్క దూరడానికి చోటుంది.

పై సగం అరగదీయడం గాడి టూల్‌లాగానే, కానీ ముందు 4 ఎంఎం మాత్రమే. వెనక మెడ నిండుగా ఉండాలి, బలమంతా అక్కడే. తర్వాత మీ వైపు తిరిగి ఉండే పక్కన, తల 3 ఎంఎం వదిలి, దాని వెనక 12 ఎంఎం పొడవున ఒక మిల్లీమీటరు లోతు తీసేయండి. అప్పుడు తల ఒక్కటే గోడకు తగులుతుంది, మెడ తగలదు. మొత్తం 15 ఎంఎం అయింది, లోతు కంటే మూడు ఎక్కువ. ఇంకా ఎక్కువ బయటికి వదిలారా, కూత మొదలవుతుంది.

క్లియరెన్స్ దగ్గర కాస్త ఆగాలి. షాఫ్ట్ బయట కోసేటప్పుడు జాబ్ ఉపరితలం టూల్ నుంచి దూరంగా వంగిపోతుంది, అందుకని తక్కువ క్లియరెన్స్ ఉన్నా గడిచిపోతుంది. రంధ్రం లోపల గోడ టూల్ కిందికే వంగి వస్తుంది. అంచు దగ్గర 10 డిగ్రీలు ఇచ్చినా కింద మడమ గోడకు రాసుకోవచ్చు. కాబట్టి అంచు దగ్గర 10 డిగ్రీలు ఇచ్చి, కింది సగాన్ని ఇంకా ఏటవాలుగా, దాదాపు 25, 30 డిగ్రీలు తీసేయండి. రెండు మెట్ల వాలు అన్నమాట. సందేహంగా ఉంటే తల మీద మార్కర్ పూసి, మిషన్ ఆపి, టూల్‌ను రంధ్రంలో గోడకు ఆనించి, చక్‌ను చేత్తో కొంచెం తిప్పండి. మార్కర్ అంచు దగ్గరే చెరిగితే సరి. కింద చెరిగితే ఇంకా తీయాలి.

ముందు ముఖాన్ని మూల నుంచి వెనక్కి 5 డిగ్రీలు ఏటవాలుగా, కింద 8 డిగ్రీల క్లియరెన్స్‌తో తీయండి. మూల ఒక్కటే ముందుకు ఉండాలి. పై ముఖం ఇత్తడికైతే అలాగే చదునుగా వదిలేయండి. ఎంఎస్‌కైతే అంచు ఎత్తు తగ్గకుండా వెనక చిన్న గుంట తీసి 6, 8 డిగ్రీల రేక్ (అంచు నుంచి వెనక్కి పై ముఖం వాలు) ఇవ్వండి. అల్యూమినియంకైతే ఇంకా ఎక్కువ, 15 దాకా. ఇత్తడికి రేక్ ఇస్తే టూల్ జాబ్‌లోకి ఈడ్చుకుపోతుంది. ఆ తప్పు ఒక్కసారి చేసినవాడు రెండోసారి చేయడు.

నూరడం, బిగించడం

గ్రైండర్ నుంచి వచ్చిన అంచు గోటికి పదునుగానే అనిపిస్తుంది. భూతద్దంలో చూస్తే రంపంలా ఉంటుంది. సన్నటి ఆయిల్ స్టోన్ మీద చుక్క నూనె వేసి ముందు క్లియరెన్స్ ముఖాలు, చివర్లో పై ముఖం నూరండి. బోరింగ్ టూల్ మూలకు రాయిని రెండు మూడు సార్లు తిప్పి 0.2 ఎంఎం గుండ్రం ఇవ్వండి. పెద్దది చేస్తే సన్నటి మెడ వణుకుతుంది. గాడి టూల్‌కి మూలలు ముట్టుకోవద్దు, గాడి అడుగున మూల పదునుగానే ఉండాలి.

గుండ్రటి ముక్క కట్ బరువుకి తిరిగిపోతుంది, దాన్ని ఆపాలి. బ్లాక్‌లో పెట్టి, పై ముఖం మీద చిన్న స్టీల్ స్కేల్ ఆనించి, అది టూల్‌ను అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్‌కి సమాంతరంగా ఉందా అని కంటితో చూసి గ్రబ్ స్క్రూ బిగించండి. షాంక్ మెత్తనిదైతే స్క్రూ తనే కొరికి పట్టుకుంటుంది. గట్టిదైతే స్క్రూ పెట్టిన మచ్చ దగ్గర గ్రైండర్‌తో చిన్న ఫ్లాట్ చేసి మళ్లీ బిగించండి.

మొదటి కట్

హెచ్‌ఎస్‌ఎస్‌తో ఎంఎస్‌కి నిమిషానికి 25 మీటర్ల వేగం అనుకోండి. ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) కావాలంటే ఆ వేగాన్ని 320తో గుణించి ఎంఎంలలో వ్యాసంతో భాగించండి. 20 ఎంఎం షాఫ్ట్‌కి 400 వస్తుంది. గాడికి అందులో సగం, 200 చాలు. 8 ఎంఎం రంధ్రానికి లెక్క 1000 అంటుంది, నేను 600 దాటను. బోరింగ్‌లో ఒక్కో కట్ 0.1 ఎంఎం, ఫీడ్ (ఒక చుట్టుకు టూల్ జరిగేది) 0.05 లోపు. ప్రతి రెండు కట్‌లకీ టూల్ బయటికి తీసి బ్రష్‌తో చిప్స్ తీసేయండి. ఆ సందులో రజను పట్టే చోటే లేదు. చివరి కట్ తర్వాత లోతు పెంచకుండా అదే సెట్టింగ్‌లో ఇంకోసారి తోలండి. మెడ కొంచెం వంగి ఉంటుంది కాబట్టి ఇంకా పిసరు కోస్తుంది. ఎంఎస్‌కి కటింగ్ ఆయిల్, అల్యూమినియంకి కిరోసిన్, ఇత్తడికీ బీడుకీ ఏమీ వద్దు.

గాడి వేసేటప్పుడు క్రాస్ స్లైడ్ డయల్ మీద ఒక గీత వ్యాసంలో లెక్కా, వ్యాసార్ధంలో లెక్కా అని ముందే చూసుకోండి. షాఫ్ట్‌ను 19కి బదులు 18కి కోసి కస్టమర్‌కి ఎలా చెప్పాలో తెలియక టీ తాగుతూ కూర్చున్న రోజు నాకూ ఒకటుంది.

కూత వస్తే ముందు స్పీడు తగ్గించండి, తర్వాత టూల్ బయటికి ఎంత వదిలారో చూడండి, తర్వాత మూల గుండ్రం. కోయకుండా రుద్దుతూ మెరుపు తెస్తుంటే క్లియరెన్స్ లేదు, లేదా అంచు సెంటర్‌కి రాలేదు. మొన వంగిపోతే ఆకురాయి తీసుకుని మళ్లీ పరీక్షించండి.

కార్బైడ్ ముక్కలు

పీసీబీలకు (ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డులకు) రంధ్రాలు వేసే సన్నటి బిట్లు ఎస్పీ రోడ్డులో డబ్బాల్లో దొరుకుతాయి, మెడలో రంగు ప్లాస్టిక్ రింగుతో. వాటి షాంక్ 3.175 ఎంఎం, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. చాలావాటిలో షాంక్ కూడా పూర్తి కార్బైడే. చవకరకాల్లో షాంక్ ఉక్కుది, పైన బిట్ మాత్రం కార్బైడ్. అయస్కాంతం చటుక్కున లాగేసుకుంటే ఉక్కు, నెమ్మదిగా పట్టుకుంటే కార్బైడ్. చేతిలో బరువు కూడా చెబుతుంది, ఉక్కుకి దాదాపు రెట్టింపు.

4, 5 ఎంఎం రంధ్రాలకు బోరింగ్ టూల్ చేయాలంటే ఇంతకంటే మంచి ముక్క లేదు. ఆకారం మాత్రం తెల్ల వీల్ మీద రాదు. డైమండ్ వీల్ కావాలి, లేదంటే ఆకుపచ్చ సిలికాన్ కార్బైడ్ వీల్. దీన్ని ఎప్పుడూ నీళ్లలో ముంచకండి, పగులుతుంది. దీని పొడిలో కోబాల్ట్ ఉంటుంది, ఊపిరితిత్తులకు చెడ్డది. ముక్కుకు మంచి మాస్క్ పెట్టుకుని, ఫ్యాన్ గాలి మీ ముఖం మీదికి కాకుండా చూసుకుని, పని అయ్యాక బల్లను చీపురుతో ఊడవకుండా తడి గుడ్డతో తుడవండి. బ్లాక్‌కి 3.2 బిట్‌తో ఇంకో రంధ్రం వేసుకుంటే సరిపోతుంది, మళ్లీ అలాగే, బిట్‌ను చక్‌లో పెట్టి. ఎం4 గ్రబ్ స్క్రూని చేతి వేళ్ల బలంతోనే బిగించండి. గట్టిగా బిగిస్తే కార్బైడ్ ముక్క స్క్రూ కిందే రెండుగా తెగుతుంది.